చిటికెడేసి అంటే ఎన్ని చిటికెలు?

సందేహం: అమ్మ పోయాక, ఆవిడ చేత్తో రాసుకున్న వంటల నోటుపుస్తకాన్ని అచ్చు వేయించి తోబుట్టువులకూ పిల్లలకూ ఇద్దామనుకుంటున్నాం. ఆవిడ వాడిన గరిటె, కొలగిన్నెల ఫొటోలు కూడా అందులో ఉంటాయి. చారెడు, గిద్దెడు, చిటికెడేసి వంటి మాటలు తీసేసి గ్రాములు వేయాలా? అట్టమీద ‘స్వర్గీయ’ అనాలా, ‘కీర్తిశేషురాలు’ అనాలా? ఆ వస్తువులను ‘జ్ఞాపికలు’ అనవచ్చా?

సమాధానం: మాటలు తీయకండి. గ్రాములు కావాలంటే పక్కన చిన్న అక్షరాల్లో వేయండి. ఆవిడ రాసిన మాటలోనే కొలత ఉంది, దాన్ని చదవడం తెలియాలి, అంతే.

‘ఎడు’ అనే ప్రత్యయం ‘దాని నిండా’, ‘అంత మేర’ అనే అర్థం ఇస్తుంది. ‘ఒకటి’ అనే లెక్క కూడా అందులోనే ఉంది. మూరెడు అంటే ఒక మూర, గిద్దెడు అంటే ఒక గిద్ద, గరిటెడు అంటే గరిటె నిండా. అందుకే ‘1 గిద్దెడు’ అని అచ్చు వేస్తే ఆ అంకె అనవసరం. రెండైతే ‘రెండు గిద్దలు’ అనాలి, ‘రెండు గిద్దెడు’ కుదరదు. చేతి కొలతల్లోనూ తేడాలున్నాయి. చిటికెడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టేది. పిడికెడు మూసిన చేతిలోది. చారెడు ఒక్క అరచేతిని గుంటగా పట్టినప్పుడు నిలిచేది. దోసెడు రెండు చేతులూ కలిపి పట్టేది. వీటన్నిటినీ ‘కొంచెం’ అని మార్చేస్తే ఆవిడ చెయ్యే పుస్తకంలోంచి పోతుంది.

ఇక ‘ఏసి’. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ‘ఉప్పు, మిరియాల పొడి చిటికెడేసి’ అంటే ఉప్పు ఒక చిటికెడు, మిరియాల పొడి ఒక చిటికెడు, వెరసి రెండు చిటికెలు. అచ్చులో ‘ఏసి’ పోయి ‘చిటికెడు’ మిగిలితే రెండూ కలిపి ఒక చిటికెడని చదువుతారు, రుచి సగానికి పడిపోతుంది. ప్రూఫులు దిద్దేవారికి ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి.

గిద్ద, సోల, తవ్వల లెక్క ఇది: 4 గిద్దలు 1 సోల, 2 సోలలు 1 తవ్వ, 2 తవ్వలు 1 మానిక, 4 మానికలు 1 కుంచం. అయితే సోల పరిమాణం అన్నిచోట్లా ఒకటి కాదు. కాబట్టి ఎక్కడో చూసిన పట్టికతో లీటర్లలోకి మార్చకండి. అమ్మ వాడిన గిన్నెనే కొలవండి. ఖాళీ గిన్నెను తూచి, అంచుదాకా నీళ్లు పోసి మళ్లీ తూచి, మొదటి బరువు తీసేయండి. మిగిలిన గ్రాములే మిల్లీలీటర్లు. పిండిని మాత్రం నీళ్ల లెక్కతో వేయకూడదు. పైన సమంగా తుడిచిన గిన్నెడు వేరు, రాశిగా పోసిన గిన్నెడు వేరు. ఆవిడ ఎలా కొలిచేదో చూసినవాళ్లను అడిగి అదే రాయండి. చారెడు తేల్చాలంటే ఇంట్లో ఆవిడ చేతికి దగ్గరగా ఉన్న చేతితో మూడుసార్లు తీసి, తూచి, సగటు వేయండి.

క్రియలనూ అలాగే ఉంచండి. దంచడం రోకలితో, నూరడం రాయి మీద, రుబ్బడం తడిపిన దాన్ని పొత్రంతో. మూడింటినీ ‘మిక్సీ పట్టాలి’ అని కలిపేస్తే పలుకు, అంటే గరుకు, ఎంత ఉండాలో తెలియదు. ‘తీగపాకం’ అన్నదీ కొలతే. చక్కెర పాకాన్ని వేళ్ల మధ్య సాగదీస్తే తీగ రావాలి, అది సుమారు 106 నుంచి 112 డిగ్రీల సెల్సియస్. ‘ఉండపాకం’ అంటే చల్లటి నీళ్లలో వేసిన చుక్క మెత్తటి ఉండ కట్టాలి, అది 112 నుంచి 116 దాకా. రెంటినీ కలిపి ‘పాకం వచ్చాక’ అని సరిపెట్టేస్తే వంట చెడుతుంది. అక్షరదోషాలు దిద్దవచ్చు గానీ ఆవిడ పలుకుబడిని దిద్దకండి. ఒకటి రెండు పేజీలు చేతిరాత ఫొటోగానే వేస్తే మరీ మంచిది.

అట్టమీది మాట సంగతి. కీర్తి మాత్రమే శేషంగా మిగిలినవారు కీర్తిశేషులు. స్త్రీ విషయంలో ‘కీర్తిశేషురాలు’ సరైనదే. గౌరవ బహువచనం ‘కీర్తిశేషులు’ ఇద్దరికీ చెల్లుతుంది. ‘స్వర్గీయ’ వాడుకలో స్థిరపడింది, అయితే దాని అసలు అర్థం ‘స్వర్గానికి సంబంధించిన’ అనే. ‘దివంగత’ అంటే ‘స్వర్గానికి వెళ్లిన’ అనే కాబట్టి అందులో ఆ ఇబ్బంది లేదు. ‘స్వర్గస్తులు’ తప్పు, ‘స్వర్గస్థులు’ ఒప్పు. అంకితం పేజీలో ‘జ్ఞాపకార్ధం’ అని ‘ధ’ వేయకండి, ‘జ్ఞాపకార్థం’ అనాలి. స్మృతి, అర్థం కలిస్తే ‘స్మృత్యర్థం’ అవుతుంది, ‘స్మృత్యార్థం’ కాదు. పిల్లలు వేసే పుస్తకానికి ఈ బిరుదులేవీ లేకుండా ‘మా అమ్మ’ అని, కింద ఆవిడ పేరు వేస్తే నాకు ఎక్కువ నచ్చుతుంది.

‘జ్ఞాపిక’ అంటే ఇప్పుడు సభల్లో అతిథుల చేతికిచ్చే వస్తువే గుర్తుకొస్తుంది. అరిగిన గరిటెకు ఆ మాట అతకదు. ఫొటో కింద ‘అమ్మ గుర్తుగా దాచుకున్న గరిటె’ అని రాసి, అది ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో పక్కనే వేయండి.