సైట్ కొత్త డిజైన్‌కి మారాక బ్యాక్ బటన్ పనిచేయకపోతే బ్రౌజర్ మార్చాలా?

వద్దు, మార్చకండి. రోజూ వాడే సైట్ డిజైన్ మారినప్పటి నుంచి బ్యాక్ నొక్కితే ఒక్కోసారి పేజీ కదలట్లేదని, ఒక్కోసారి సైట్ నుంచే బయటికి వచ్చేస్తున్నానని రాశారు. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇలాంటి సైట్లు చూశాను, రెండింట్లోనూ ఒకేలా సతాయిస్తాయి. తప్పు మీ దగ్గర లేదు, బ్రౌజర్ దగ్గర అసలే లేదు. డిజైన్ మార్చినవాళ్లు ముందుకు వెళ్లే దారి మాత్రమే పరీక్షించి, వెనక్కి వచ్చే దారి ఒక్కసారి కూడా నొక్కి చూడకుండా సైట్‌ని జనం మీదికి వదిలారు. నాకు తెలిసి నూటికి తొంభై సందర్భాల్లో కారణం ఇదే.

ఇంత గట్టిగా చెప్పడానికి మా అక్క కారణం. చాలా ఏళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటోంది. తను చూసే ఉద్యోగాల సైట్ ఒకటుంది. పాత డిజైన్ కంటికి ఇంపుగా ఏమీ ఉండేది కాదు, వరసగా నీలం రంగు లింకులు, అడుగున పేజీ నంబర్లు, అంతే. కానీ ఒక ఉద్యోగం తెరిచి, చదివి, బ్యాక్ నొక్కితే సరిగ్గా వదిలిన చోటికే వచ్చేది. కొత్త డిజైన్‌లో పెద్ద పెద్ద కార్డులు వచ్చాయి, ఎంత కిందికి జరిపినా ఇంకా వస్తూనే ఉండే జాబితా వచ్చింది, పేజీ నంబర్లు పోయాయి. అక్క ఓపిగ్గా పార్ట్‌టైమ్ అని, ఇంటి నుంచి పని అని ఫిల్టర్లు పెట్టుకుని చాలా కిందిదాకా వెళ్లింది. ఒక కార్డు తెరిచి చూసి బ్యాక్ నొక్కింది. జాబితా మళ్లీ మొదటికి వచ్చింది, ఫిల్టర్లన్నీ ఎగిరిపోయాయి. "ఇందాక దాని కిందే ఇంకోటి ఉందిరా, అది ఎక్కడికి పోయింది?" అని అడిగితే నేను కూర్చుని వెతికాను. కంపెనీ పేరు తనకి గుర్తులేదు, జాబితా వరస కూడా మారిపోయింది. అది ఇక దొరకలేదు.

ఆ తర్వాత ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు మొదలుపెట్టింది. నాలుగు దశల ఫారం. మూడో దశలో ఉండగా మొదట్లో ఇచ్చిన తేదీ సరిచూసుకుందామని బ్యాక్ నొక్కింది. ఎవరైనా అదే చేస్తారు కదా! ఫారం మొత్తం మాయమై హోమ్ పేజీ వచ్చింది. టైప్ చేసిన అనుభవం వివరాలు, కష్టపడి రాసుకున్న పరిచయం, అన్నీ పోయాయి. అక్క ఫోన్ పక్కన పెట్టేసి, "నాకే చేతకావట్లేదేమోలే, ఇవన్నీ ఈ కాలం పిల్లలకే వస్తాయి" అంది. నాకు ఒళ్లు మండింది అక్కడే. ఏళ్ల తరబడి ఒక ఆఫీసు లెక్కలన్నీ ఒంటి చేత్తో నడిపిన మనిషి, ఎవరో చేసిన అరకొర పనికి తనని తాను నిందించుకుంటోంది.

అసలు లోపల జరిగేది ఇదీ. మనం తెరిచిన పేజీలను బ్రౌజర్ వరసగా ఒక జాబితాలో రాసుకుంటుంది, బ్యాక్ నొక్కితే ఆ జాబితాలో ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది. పాత తరహా సైట్లలో ప్రతి పేజీకీ సొంత అడ్రస్ ఉంటుంది కాబట్టి దీని గురించి ఎవరూ ఆలోచించాల్సిన అవసరం ఉండేది కాదు. కొత్త తరహా సైట్లు చాలావరకు ఒకే పేజీని తెరిచి ఉంచి, లోపలి సరుకును మాత్రం జావాస్క్రిప్ట్ అనే, బ్రౌజర్‌లోనే నడిచే ప్రోగ్రాం భాషతో మారుస్తాయి. అప్పుడు "ఇది కొత్త మెట్టు" అని బ్రౌజర్‌కి సైటే చెప్పాలి. దానికోసం హిస్టరీ ఏపీఐ అని, సైట్ బ్రౌజర్ జాబితాలో మెట్లు చేర్చడానికి వాడే ఏర్పాటు ఒకటి ఉంది, అందులో పుష్‌స్టేట్ అనే పద్ధతి 2010, 2011 ప్రాంతాల నుంచే బ్రౌజర్లలో ఉంది. చెప్పాల్సినప్పుడు చెప్పకపోతే నాలుగు దశల ఫారం బ్రౌజర్‌కి ఒకే మెట్టుగా కనిపిస్తుంది, ఒక్క బ్యాక్‌తో మొత్తం దాటేస్తారు. అక్కకి జరిగింది అదే. చెప్పకూడని చోట, అంటే ఫోటో పక్కకి జరిపినా ట్యాబ్ మార్చినా కొత్త మెట్టు అని చెప్తే, బ్యాక్ ఎంత నొక్కినా ఉన్న పేజీలోనే ఉంటారు. మూడో రకం ఇంకా చిరాకు. మధ్యలో ఒక పేజీ మనల్ని దానంతటదే వేరే పేజీకి పంపిస్తుంది, బ్యాక్ నొక్కితే ఆ మధ్య పేజీకి వెళ్లి, అది మళ్లీ ముందుకే తోసేస్తుంది.

జాబితా మొదటికి రావడం కూడా ఇలాంటిదే. మీరు ఏ ఎత్తులో ఉన్నారో బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, కానీ తిరిగొచ్చేసరికి సైట్ మొదటి కొన్ని కార్డులే తెస్తే, అంత కిందికి జరపడానికి పేజీలో చోటే ఉండదు. పుస్తకంలో మనం పెట్టుకున్న వేలిని పక్కవాడు లాగేసినట్టు ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ 2005 నుంచీ, కంప్యూటర్లో క్రోమ్ 2021 నుంచీ, వదిలిన పేజీని ఉన్నదున్నట్టుగా మెమరీలో దాచి బ్యాక్ నొక్కగానే చూపించే ఏర్పాటు చేశాయి. బ్రౌజర్లు అంత శ్రమ పడుతుంటే సైట్లు దాన్ని కూడా పనికిరాకుండా చేస్తున్నాయి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. సైట్లు జనానికి వాడటానికి సులువుగా ఉన్నాయా లేదా అని పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 1999లో వెబ్ డిజైన్‌లో కొత్తగా వస్తున్న తప్పుల జాబితా రాస్తూ, బ్యాక్ బటన్‌ని పాడుచేయడాన్ని మొట్టమొదట పెట్టాడు. లింకు నొక్కడం తర్వాత జనం ఎక్కువగా వాడేది బ్యాకే అని కూడా చెప్పాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది ఎవరికీ పట్టకపోతే ఏమనాలి?

పనిలో పని, ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. డిజైన్ మార్చినప్పుడల్లా పాత అడ్రస్‌లన్నీ చెడగొడతారు. మనం దాచుకున్న బుక్‌మార్కులన్నీ హోమ్ పేజీకి పోతాయి. ఆ పేజీ తీసేశామని చెప్పినా నయమే, నేరుగా కొత్త చోటికి పంపితే ఇంకా మేలు, ఏదీ చేయకుండా అందర్నీ గుమ్మం దగ్గర నిలబెడతారు. వెబ్‌ని తయారుచేసిన టిమ్ బెర్నర్స్-లీ అడ్రస్‌లు మార్చొద్దని 1998లోనే మొత్తుకున్నాడు. ఇక సహాయ విభాగానికి రాస్తే వచ్చే జవాబు మీకూ తెలిసే ఉంటుంది, "కాష్ క్లియర్ చేయండి". కాష్ అంటే సైట్ మళ్లీ త్వరగా తెరుచుకోవడానికి బ్రౌజర్ దాచుకునే ఫైళ్లు. అందులో పాత ఫైళ్లు ఇరుక్కుపోతే చెరపడం పనికొస్తుంది, కాదనను. కానీ ఒక ప్రైవేట్ విండో (క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అంటారు, దాచుకున్న పాత ఫైళ్లను వాడదు) తెరిచి అక్కడా బ్యాక్ అలాగే ఉంటే, కాష్‌కీ దీనికీ సంబంధం లేదని నిమిషంలో తేలిపోతుంది. అనవసరంగా అన్నీ చెరిపేసుకుని ప్రతి సైట్‌లో మళ్లీ లాగిన్ అవ్వకండి.

ప్రస్తుతానికి గడవాలంటే కంప్యూటర్లో బ్యాక్ బటన్‌ని నొక్కి పట్టుకోండి, మీరు వచ్చిన పేజీల జాబితా వస్తుంది, కావాల్సినదాన్ని నేరుగా ఎంచుకోవచ్చు. ముందుకే తోసేసే మధ్య పేజీని ఇలా దాటేయొచ్చు. జాబితాలోంచి ఏది తెరిచినా కొత్త ట్యాబ్‌లో తెరవండి, జాబితా ఉన్నచోటే ఉంటుంది. అయితే కొన్ని కొత్త డిజైన్లలో కార్డు అసలు లింకే కాదు, నొక్కితే పనిచేసే బొమ్మ, అందుకని కొత్త ట్యాబ్ అనే అవకాశమే రాదు. దీనికి నా దగ్గర మందు లేదు, కోపం మాత్రం ఉంది. పెద్ద ఫారాలు నింపేటప్పుడు పొడుగు జవాబులు ముందు ఫోన్ నోట్స్‌లో రాసుకుని అక్కడ నుంచి అతికించండి. అక్క ఇప్పుడు అలాగే చేస్తోంది.

ఫిర్యాదు మాత్రం తప్పకుండా రాయండి. ఏ పేజీలో ఉన్నారు, దేని మీద నొక్కారు, బ్యాక్ నొక్కాక ఎక్కడికి వెళ్లారు, అంతకుముందూ ఆ తర్వాతా పైన కనిపించిన అడ్రస్ ఏంటి, ఈ నాలుగూ ఉండాలి. "సైట్ సరిగ్గా పనిచేయట్లేదు" అని ఊరుకుంటే కాష్ క్లియర్ చేయమనే జవాబే మళ్లీ వస్తుంది.