కంచెలో ఖాళీకి మొక్క కొనకముందు

చిన్నా,

ఫోటో చూశాన్రా, పాతికేళ్ళ కిందట మీ అమ్మ పటమట ఇంట్లో నాటిన గోరింట కంచె, మధ్యలో పన్నూడినట్టు ఎట్టా బోసిపోయిందో. రేపే నర్సరీకెళ్ళి ఎత్తైన మొక్క తెచ్చి పెట్టేస్తానంటున్నావు. ఆగు. ఆ పని నేను చేసి మూడు మొక్కలు చంపుకున్నా.

మా గుంటూరు ఇంట్లో ఇట్టాగే ఖాళీ వస్తే నడుమెత్తు మొక్కలు కొని, జానెడు గుంట తీసి పెట్టేసి, రోజూ రెండు బిందెలు పోశా, అయినా మే నెలకల్లా కట్టెలైపోయినయ్. పీకి చూస్తే ఏముంది, కవర్లోంచి తీసినప్పటి మట్టిముద్ద ఆకారం కూడా మారలా, దాని చుట్టూ పక్కచెట్ల సన్నవేళ్ళు జడల్లినట్టు అల్లుకుపోయినయ్. నా నీళ్ళన్నీ తాగింది అవన్నమాట. పైకే అది ఖాళీ, కింద చోటెక్కడుంది?

కాబట్టి ముందు ఆ ఖాళీలో చచ్చిన చెట్టు మొద్దు తవ్వి తియ్యి. చెదలు పట్టిందా, వేరు కుళ్ళు వాసనొస్తుందా చూడు, నీళ్ళు నిలిచి కుళ్ళి ఉంటే కొత్తదీ అదే దారి, ముందు నీళ్ళు బయటికి పోయేట్టు చెయ్యి. తర్వాత గునపంతో అడుగున్నర వెడల్పు, అంతే లోతు గుంట తవ్వు. అడ్డమొచ్చిన సన్నవేళ్ళు కోసెయ్, బొటనవేలు లావున్నవి మాత్రం ముట్టుకోకు. వాటి వేళ్ళు మళ్ళీ లోపలికి రాకుండా పక్కచెట్లున్న రెండు వైపులా పాత ఫ్లెక్సీ ముక్కలు నిలబెట్టు, మన ఊళ్ళలో వాటికేం కరువు, అడుగున మాత్రం పరవొద్దు. రెండు పాళ్ళు కొత్తమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపు. పచ్చిపేడ వేశావంటే చెదల్ని పిలిచినట్టే.

ఇంక మొక్కంటావా, గోరింటకి డబ్బులు దండగ. పక్కచెట్టుకి కింద వంగే కొమ్మ ఉంటే ఆ గుంటలోకి వంచి, మట్టిలోకెళ్ళే చోట కిందివైపు బెరడు అంగుళం గీకి, నాలుగంగుళాల లోతున పూడ్చి పైన ఇటుక పెట్టు, కొస మాత్రం పైకుండాలి. నేలంటు తొక్కడమంటే ఇదే. తల్లిచెట్టే నీళ్ళిస్తా ఉంటది కాబట్టి తొందరగా చావదు. మూడు నెలలయ్యాక మెల్లగా లాగి చూడు, రాకపోతే వేళ్ళు పట్టినట్టే, అప్పుడు తల్లి నుంచి కోసెయ్. వంగే కొమ్మే లేదా, పెన్సిల్ లావు ముదురు కొమ్మలు జానెడు ముక్కలు చేసి ఓ పది గుచ్చు, కొన్నైనా చిగురిస్తయ్.

ఇదంతా ఇప్పుడు మొదలెట్టకు, రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఇది. మృగశిరలో నాలుగు వానలు పడనీ. ఒకటే చిక్కు, వెంటనే ఆషాఢం వస్తది, వీధిలో ఆడపిల్లలంతా గోరింటాకు దూసుకుపోతారు, కొత్త కొమ్మ చుట్టూ ముళ్ళకంప వెయ్యి, మీ ఆవిడక్కూడా చెప్పు.

పక్కచెట్లు పైన గొడుగులా కమ్మేస్తే అక్కడ కత్తిరించి ఎండ తగలనీ. కొత్తది మోకాలెత్తు రాగానే చివర తుంచు, జాలేసి వదిలేస్తే నిటారుగా పోద్ది తప్ప గుబురు రాదు.

అసలు ఖాళీ ఎంతుందో చెప్పలేదు. అడుగూ అడుగున్నరే అయితే ఇంత తవ్వకం అక్కర్లా, రెండు వైపుల కొమ్మలూ అడ్డంగా వెదురుబద్దకి కట్టేస్తే ఏడాదిలో కలిసిపోతయ్. టేపు పెట్టి కొలిచి ఫోన్ చెయ్. ఆదివారం మీ పెదనాన్న బెజవాడ వస్తన్నారు, గునపం ఇచ్చి పంపుతా, మీ ఇంట్లో ఉండదని నాకు తెలుసు.

పెద్దమ్మ