అంతా కీబోర్డుకే పెట్టేస్తే పెడల్‌కు మిగిలేదెంత?

ప్రశ్న: పియానో నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఇంట్లో ఉన్నది 61 కీల తేలికపాటి కీబోర్డు. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ పియానో వేసుకుని, దానికి 88 కీల వెయిటెడ్ కంట్రోలర్ (నిజం పియానోలా బరువైన కీలుండి, సొంత శబ్దం లేని కీబోర్డు) తగిలించి సాధన చేయాలని ఉంది. ఇందుకోసం విడిగా కొంత దాచాను. నాకు నచ్చిన కంట్రోలర్ ఆ డబ్బంతా మింగేస్తుంది. మొత్తం పెట్టేయమంటారా? తక్కువలో వచ్చేది తీసుకుని మంచి సాఫ్ట్‌వేర్ కొనుక్కోమంటారా? లేక ఇంకా పై రకం వాయిదాల మీద తీసుకోమంటారా? - ఒక పాఠకురాలు

జవాబు: మీరు కంట్రోలర్ ధర ఒక్కటే చూస్తున్నారు. పెడల్, స్టాండు, ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని బయటికిచ్చే చిన్న పెట్టె), హెడ్‌ఫోన్లు మీ లెక్కలో ఎక్కడా లేవు. ఇవి లేకుండా ఎంత గొప్ప కంట్రోలర్ అయినా మూలన పడి ఉంటుంది. కాబట్టి మొత్తం దానికే పెట్టేయడం వద్దు. మీ దగ్గరున్న సొమ్మును వంద భాగాలనుకుంటే కీబోర్డుకు 55, పెడల్‌కు 7, స్టాండుకూ కూర్చునే బెంచీకీ 10, ఇంటర్‌ఫేస్‌కూ హెడ్‌ఫోన్లకూ 13, సాఫ్ట్‌వేర్‌కు 10 కేటాయించండి. మిగిలిన 5 కేబుళ్లకూ అనుకోని ఖర్చులకూ ఉంచండి. ఇవి రాతిమీద గీతలేం కావు. మంచి హెడ్‌ఫోన్లు ఇప్పటికే ఉంటే ఆ వాటా కీబోర్డుకు చేర్చుకోవచ్చు. కానీ కీబోర్డు వాటా 65 దాటుతోందంటే మిగతావాటిలో ఏదో ఒకటి నాసిరకం కొనబోతున్నట్టే.

వాటాల్లో కీబోర్డుదే పెద్దది కావడానికి కారణముంది. సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే రేపు ఇంకొకటి వేసుకోవచ్చు, ల్యాప్‌టాప్ ఎలాగూ కొన్నేళ్లకు మారుతుంది. కీల కింద ఉన్న మెకానిజాన్ని మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. వేళ్లకు అలవాటయ్యేది కూడా దానికే. అందుకని కొనేటప్పుడు పైన రాసిన కంపెనీ పేరు కన్నా లోపలి యాక్షన్ (అంటే ఆ కీల మెకానిజం) పేరు చూడండి. వెయిటెడ్ కంట్రోలర్లలో చాలావాటికి యాక్షన్ తయారుచేసేది ఇటలీకి చెందిన ఫాటార్ కంపెనీ. స్టూడియోలాజిక్ ఎస్ఎల్88 స్టూడియోలోనూ, ఆర్టూరియా కీల్యాబ్ 88 మార్క్ 2లోనూ ఉన్నది అదే ఫాటార్ టీపీ/100ఎల్ఆర్. రెండో దానిలో ఫేడర్లు, ప్యాడ్లు, నాబ్‌లు (జరిపే మీటలు, తట్టే గడులు, తిప్పే బటన్లు) అదనం. పాటలు రికార్డు చేసి మిక్సింగ్ చేసేవారికి వాటి అవసరం ఉంటుంది. మీరు పియానో మాత్రమే వాయిస్తారు కాబట్టి ఆ అదనపు డబ్బు మీకు దండగే.

డిజిటల్ పియానోల్లోనూ ఇదే లెక్క. రోలాండ్ ఎఫ్‌పీ-10లో ఉన్న పీహెచ్ఏ-4 స్టాండర్డ్ యాక్షనే ఎఫ్‌పీ-30ఎక్స్‌లోనూ ఉంది. యమహా పీ-45, పీ-125 రెండింటిలోనూ ఉన్నది జీహెచ్ఎస్ యాక్షనే. పై మోడల్‌కు ఎక్కువ పెట్టేది స్పీకర్లకూ, లోపలి స్వరాలకూ, ఇతర సౌకర్యాలకూ. శబ్దం ల్యాప్‌టాప్ నుంచి తీసుకునేవారికి కింది మోడల్ చాలు.

మీరు అడగకపోయినా ఒక సలహా. మీకు నిజంగా కంట్రోలరే కావాలా? లోపల స్వరాలున్న, యూఎస్‌బీ ఉన్న డిజిటల్ పియానోను కంట్రోలర్‌గా వాడుకోవచ్చు. నా ఓటు దానికే. ల్యాప్‌టాప్ తెరవకుండా పది నిమిషాలు కూర్చుని వాయించుకోవచ్చు. అమ్ముకునే రోజు వస్తే నేర్చుకునే పిల్లలున్న ఏ ఇంటివాళ్లయినా కొంటారు. శబ్దమే లేని కంట్రోలర్‌ను కంప్యూటర్‌తో పనిచేసేవాళ్లే కొంటారు కాబట్టి గిరాకీ తక్కువ, బేరం ఎక్కువ. దీనికి ఒక మినహాయింపు కవాయ్ వీపీసీ1. 2013లో వచ్చిన ఈ కంట్రోలర్‌లో శబ్దం లేదు, స్పీకర్లు లేవు. చెక్క కీలు, ఒక్కో కీకి మూడు సెన్సర్లు, పెట్టెలోనే మూడు పెడళ్ల యూనిట్ ఉంటాయి. పెడల్ వాటా అందులోనే కలిసిపోతుంది కాబట్టి దీనికి 65 దాటినా తప్పులేదు. అయితే బరువు 29.5 కిలోలు. అద్దె ఇళ్లు మారే అలవాటుంటే, పై అంతస్తులో ఉంటే, ముందు దాన్ని మోసేదెవరో చూసుకోండి.

డిజిటల్ పియానో తీసుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. వెనకాల 'యూఎస్‌బీ టు హోస్ట్' అనో, కంప్యూటర్‌కని తెలిసేలానో రాసి ఉన్న సాకెట్ కావాలి. 'టు డివైస్' అన్నది పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి. అది మాత్రమే ఉంటే ల్యాప్‌టాప్‌కు కలవదు. రెండోది, ల్యాప్‌టాప్ శబ్దాన్ని మళ్లీ ఆ పియానో స్పీకర్లలోంచే వింటే సెట్టింగుల్లో లోకల్ కంట్రోల్ (కీ నొక్కితే పియానో తన సొంత స్వరం పలికించే ఏర్పాటు) ఆఫ్ చేయాలి. లేకపోతే ఒక్క కీ నొక్కితే రెండు పియానోలు పలుకుతాయి. ఇది తెలియక వస్తువు పాడైందనుకుని తిరిగి పంపేసేవారున్నారు.

ఇక టచ్. బరువైన కీలంటే మంచి కీలని చాలామంది అనుకుంటారు. మామూలు గ్రాండ్ పియానోలో మధ్య కీ ఒకటి కిందికి దిగడానికి సుమారు 50 గ్రాములు చాలు, దిగే లోతు సుమారు 10 మిల్లీమీటర్లు. దానికన్నా బాగా బరువైన కీబోర్డు మీద రోజూ సాధన చేస్తే మణికట్టు నొప్పులు తప్ప ఒరిగేదేం లేదు. బరువు కన్నా చూడాల్సింది కీ వెనక భాగం. నల్ల కీల మధ్యకు వేలు పోనిచ్చి తెల్ల కీని మెల్లగా నొక్కి చూడండి. లోపల కీ పొడవు తక్కువైతే అక్కడ రాయిలా బిగుసుకుపోతుంది. షాపులో నిలబడి ముందు అంచు మీద వాయిస్తే ఇది బయటపడదు.

కీ కింద జరిగేది తెలిస్తే సెన్సర్ల సంఖ్యకు డబ్బెందుకు పెట్టాలో తెలుస్తుంది. కీ ఎంత బలంగా కొట్టారో ఈ పరికరం కొలవదు. కీ దిగుతున్నప్పుడు ఒకదాని తర్వాత ఒకటిగా రెండు సెన్సర్లు తాకుతాయి. ఆ రెండింటి మధ్య పట్టిన సమయాన్ని బట్టి 1 నుంచి 127 లోపు ఒక అంకె పంపుతుంది. అదే వెలాసిటీ. రెండు సెన్సర్లే ఉంటే అదే స్వరాన్ని మళ్లీ పలికించడానికి కీ దాదాపు పూర్తిగా పైకి రావాలి. మూడోది ఉంటే సగంలోంచే మళ్లీ కొట్టొచ్చు, పాత స్వరం తెగదు. ఒకే స్వరాన్ని గబగబా వాయించే రచనలు సాధన చేస్తున్నారా? అయితే మూడు సెన్సర్లకు డబ్బు పెట్టండి. పాటలకు తోడుగా కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి) పట్టుకోవడమే అయితే రెండు చాలు.

అంతా కొన్నాక కూడా డబ్బు కారిపోయే చోటు ఒకటుంది, వెలాసిటీ కర్వ్. ఏ అంకెకు ఎంత శబ్దం రావాలో చెప్పే గీత అది. కీబోర్డు పంపే అంకెలు సాఫ్ట్‌వేర్ ఆశించే అంకెలతో పొసగకపోతే ఎంత గట్టిగా కొట్టినా పియానో మూగగా పలుకుతుంది, లేదా తాకితే చాలు అరుస్తుంది. జనం సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుని ఇంకో లైబ్రరీ (రికార్డు చేసిన పియానో స్వరాల సంపుటి) కొంటారు. దానిలోనూ అదే కథ. ఏమీ కొనకముందు కీబోర్డు పంపే అంకెలను తెరమీద చూపే, ఉచితంగా దొరికే మిడి మానిటర్ ఒకటి తెరిచి, మెత్తగా, మధ్యస్థంగా, గట్టిగా వాయించి అంకెలు చూడండి. మెత్తటి వాయింపు 20-40 మధ్య, మామూలు వాయింపు 60-75 దగ్గర, గట్టిది 100-110 దగ్గర పడితే బాగున్నట్టు. బలమంతా పెట్టినా 90 దాటకపోతే సాఫ్ట్‌వేర్‌లోని కర్వ్‌ను పైకి వంచండి. పియానోటెక్ వంటి సాఫ్ట్‌వేర్ పియానోల్లో దీనికి ప్రత్యేకంగా క్యాలిబ్రేషన్ (మీ కీబోర్డుకు తగ్గట్టు సర్దే ఏర్పాటు) ఉంది. పావుగంట పని, పైసా ఖర్చు లేదు.

పెడల్‌ను పిసినారితనంతో కొనకండి. కంట్రోలర్‌తో ఉచితంగా వచ్చే చిన్న నల్ల పెడల్ చాలావరకు ఉత్త స్విచ్, 0 లేదా 127 మాత్రమే పంపుతుంది. సగం తొక్కినప్పుడు సగం మోగే హాఫ్ పెడల్ కావాలంటే మధ్య అంకెలన్నీ పంపే పెడల్ ఉండాలి. రోలాండ్ డీపీ-10, యమహా ఎఫ్‌సీ3ఏ అలాంటివి. అయితే పెడల్ ఒక్కటి ఉంటే సరిపోదు, కీబోర్డు సాకెట్ కూడా దాన్ని చదవగలగాలి. అది మాన్యువల్‌లో చూసుకున్నాకే కొనండి. వేరే కంపెనీ పెడల్ పెడితే తొక్కినప్పుడు శబ్దం తెగి, వదిలితే మోగే తిరకాసు రావచ్చు. అది పొలారిటీ తేడా. చాలా కీబోర్డులు స్విచ్ వేసిన క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉందో చూసి దాన్నే 'వదిలిన స్థితి'గా తీసుకుంటాయి. కాబట్టి ఆన్ చేసేటప్పుడు కాలు దూరంగా పెట్టండి.

స్టాండు విషయంలో ఒక్క మాట: ఎక్స్ ఆకారంలో ఉండే ఒంటి గొట్టం స్టాండు 88 కీల బరువుకు ఊగుతుంది, మోకాళ్లకూ అడ్డం. బల్లలా నాలుగు కాళ్లున్నదో, జెడ్ ఆకారంలోదో తీసుకోండి.

లేటెన్సీ అంటే కీ నొక్కడానికీ శబ్దం వినపడడానికీ మధ్య జాప్యం. 48 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్ల (శబ్దపు కొలతల) లెక్కన, కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసే బఫర్ 128 శాంపిళ్లయితే అక్కడ పోయేది 2.7 మిల్లీసెకన్లు, 512 అయితే 10.7. మొదటిది చేతికి తెలియదు, రెండోది తెలుస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో మామూలు డ్రైవర్‌తో జాప్యం ఇంతకు చాలా రెట్లుండొచ్చు. జాప్యం తగ్గించే ఏసియో డ్రైవర్ ఉన్న ఇంటర్‌ఫేస్ అందుకే. మ్యాక్ అయితే ఇంటర్‌ఫేస్ లేకుండా మొదలుపెట్టి, ఆ వాటా తర్వాత ఖర్చు చేయొచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఎంత ఖరీదైనవైనా ఈ పనికి పనికిరావు, వైరున్నవే కావాలి.

సాఫ్ట్‌వేర్‌కు పదే వాటా ఎందుకంటే దాన్ని తిరిగి అమ్ముకోవడం కష్టం. శాంపిల్ లైబ్రరీల లైసెన్సులు చాలావరకు ఇంకొకరి పేరుకు మారవు. కొన్న రోజే దాన్ని తిరిగి అమ్మితే వచ్చే విలువ దాదాపు సున్నా. పైగా నిజమైన పియానోను స్వరం స్వరం రికార్డు చేసిన లైబ్రరీలు పదుల గిగాబైట్లు తింటాయి, కొన్ని వంద కూడా దాటుతాయి. ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ చాలకపోతే దానికీ డబ్బు పెట్టాలి. పాత తరహా హార్డ్ డిస్కులో పెడితే మధ్యమధ్య స్వరాలు ఎగిరిపోతాయి. పియానోటెక్ లాంటి మోడలింగ్ పియానో శబ్దాన్ని లెక్కగట్టి పుట్టిస్తుంది కాబట్టి డిస్కులో దాదాపు చోటే అడగదు, ప్రాసెసర్‌ను మాత్రం అడుగుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఏది తక్కువో చూసుకుని ఎంచుకోండి. ట్రయల్ ఇచ్చేవాటిని కనీసం రెండు వారాలు వాయించాకే డబ్బు కట్టండి.

సెకండ్ హ్యాండ్ మంచి మార్గమే, కానీ ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. మిడి మానిటర్ తెరిచి 88 కీలూ ఎడమ నుంచి కుడికి ఒకే వేలితో, ఒకే ఒత్తిడితో నొక్కండి. పక్కపక్క కీల మధ్య 5, 10 తేడా సహజం. 50, 52, 49 అని వస్తూ వస్తూ ఒక కీ మాత్రం 127 కొట్టినా, అసలు పలకకపోయినా, దాని కింద రబ్బరు కాంటాక్టుల్లో దుమ్ము చేరి ఉండొచ్చు, లేదా అరిగి ఉండొచ్చు. దుమ్మయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. అరిగితే ఆ రబ్బరు పట్టీ మార్చాలి. ఏదైనా కీబోర్డు విప్పాల్సిందే. ఆ కూలీ బేరంలో తగ్గించమనండి. కీ కిందికి తగిలినప్పుడు మెత్తగా 'థప్' అనాలి. 'టక్' మని ప్లాస్టిక్ చప్పుడు వస్తే లోపలి ఫెల్ట్ (మెత్తటి గుడ్డ పట్టీ) అణిగిపోయినట్టు. యూఎస్‌బీ కేబుల్ పెట్టి కాస్త కదిపి చూడండి, కనెక్షన్ తెగిందా సాకెట్ వదులైందన్నమాట.

చివరగా వాయిదాలు. సంవత్సరానికి 12 శాతం వడ్డీకి 24 నెలలు కడితే వందకు దాదాపు 113 కడతారు. 24 శాతమైతే 127. 'వడ్డీ లేదు' అన్న పథకాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. రొక్కానికి 5 శాతం తగ్గింపు ఇచ్చే చోట అదే వస్తువును తగ్గింపు లేకుండా ఆరు నెలసరి వాయిదాల్లో తీసుకుంటే, మీరు కట్టేది నెలకు 1.5 శాతం, అంటే ఏడాదికి సుమారు 18 శాతం వడ్డీ. వడ్డీ అన్న పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. సంగీతమే ఆదాయంగా ఉన్నవారు, పై రకం వస్తువు వల్ల పని పెరుగుతుందని లెక్క చూపగలిగినవారు ఆలోచించొచ్చు. సాధన కోసమే అయితే పై రకానికి అప్పు వద్దు. మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఈ కొనుగోలునే వాయిదా వేయండి.

అన్నీ ఒకేసారి కొనాల్సిన పని కూడా లేదు. ముందు కీబోర్డు, స్టాండు, పెడల్ తీసుకోండి. వాపసు ఇచ్చే గడువు ముగిసేలోగా పైన చెప్పిన 88 కీల పరీక్షా, వెలాసిటీ పరీక్షా రెండూ చేసేయండి, పెట్టె పారేయకండి. సాఫ్ట్‌వేర్ ట్రయల్‌తోనే నడపండి. పాత 61 కీల కీబోర్డును మాత్రం కొత్తది ఈ పరీక్షలు నెగ్గాకే అమ్మకానికి పెట్టండి. దాని మీద వచ్చిన డబ్బు సాఫ్ట్‌వేర్ వాటాకు చేర్చుకోవచ్చు.