నిద్రలో కోత పెట్టి చదవవద్దు, తల్లీ

శ్రీకాకుళం

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. విజయనగరంలో గది తీసుకుని డీఎస్సీకి చదువుతున్న ఈ నాలుగు నెలలుగా రాత్రి రెండింటి దాకా మేలుకుని ఐదింటికే లేస్తున్నావని, అయినా చదివినది మర్నాటికి నిలవడం లేదని, మొన్నటి నమూనా పరీక్షలో బాగా తెలిసిన ప్రశ్నకు కూడా గుండె దడతో జవాబు తోచలేదని రాశావు. చివర "నా బుర్ర మొద్దుబారిపోయింది పెదనాన్నా" అన్నావు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే దాదాపు ఇదే మాట ఒకప్పుడు మీ నాన్న నోట విన్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. కవిటి తోటలో కొబ్బరిచెట్లు వరసలకు వరసలే నేలకొరిగాక మీ నాన్న రెండు నెలల పాటు రాత్రికి రెండు మూడు గంటలకు మించి నిద్రపోలేదు. ఏ చెట్టు ఎన్ని కాయలు దించుతుందో కాగితం చూడకుండా చెప్పగలిగిన మనిషి, పడిన చెట్లు కోసిన తొమ్మిది మంది కూలీల లెక్కను అరుగు మీద కూర్చుని మూడుసార్లు కూడాడు. మూడుసార్లూ మూడు మొత్తాలు వచ్చాయి. పెన్సిలు కింద పెట్టి, "అన్నయ్యా, నాకు మతి పోయింది" అన్నాడు. మతి ఎక్కడికీ పోలేదు. సంక్రాంతి నాటికి నిద్ర కుదుటపడింది, లెక్కలూ కుదుటపడ్డాయి. నీకు జరుగుతున్నదీ అదేనని నా నమ్మకం.

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. అది మనకు శత్రువేమీ కాదు. తెల్లవారుజాము నుంచి పెరుగుతూ, మేలుకున్న అరగంట, ముప్పావుగంటకు బాగా హెచ్చి మనిషిని పనికి సిద్ధం చేస్తుంది. పొద్దు గడిచేకొద్దీ తగ్గుతూ అర్ధరాత్రి వేళకు అడుగంటుతుంది. ఎడతెగని దిగులు ఈ వరుసను చెడగొడుతుంది. తగ్గవలసిన వేళకు అది తగ్గదు, నిద్ర పలచబడుతుంది, నిద్ర చాలకపోవడం వల్ల మర్నాటి సాయంత్రం కార్టిసాల్ మరికొంత ఎక్కువగానే నిలుస్తుంది, దానితో ఆ రాత్రి మళ్లీ కునుకు దూరమవుతుంది.

ఇక జ్ఞాపకం సంగతి. పగలు చదివినది మొదట మెదడు లోపలి హిప్పోకాంపస్ అనే భాగం పట్టుకుంటుంది. గాఢనిద్రలో దాన్ని మళ్లీ మళ్లీ తిరగేసి మెదడు పైపొరలలో స్థిరపరుస్తుంది. జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1924లోనే ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాల కూర్పులు బట్టీ పట్టించి పరీక్షించారు. అన్నే గంటలు మేలుకుని ఉన్నప్పటి కంటే నిద్రపోయి లేచినప్పుడు వారికి చాలా ఎక్కువ గుర్తున్నాయి. కాబట్టి పన్నెండు నుంచి రెండు దాకా నువ్వు చదివే రెండు గంటలు, సాయంత్రం చదివిన నాలుగు గంటల చదువును కూడా తినేస్తున్నాయి.

మూడు గంటల నిద్ర అలవాటైపోయిందని నువ్వు అనవచ్చు. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రెండు వారాల పాటు రాత్రికి ఆరు గంటలే నిద్రపోయినవారి ఏకాగ్రత, ఒక రాత్రి పూర్తిగా మేలుకున్నవారి స్థాయికి దిగజారింది. అయినా తమకు కొద్దిగా మగతగా ఉందని తప్ప అంత నష్టం జరిగినట్లు వారు గుర్తించలేదు. ఆరు గంటలు పడుకున్నవారి స్థితే అది. నీకు ఏడు గంటలకు తగ్గకూడదు.

పరీక్షలో జవాబు తోచకపోవడం మరో సంగతి. డి క్వెర్వెయిన్ అనే శాస్త్రవేత్త బృందం 2000లో, ముందురోజు మాటలు నేర్చుకున్నవారికి, వాటిని అప్పజెప్పవలసిన గంట ముందు, ఒంట్లోకి వెళ్లి కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర ఇచ్చింది. వారికి గుర్తుకు వచ్చిన మాటలు తగ్గాయి. అదే మాత్ర నేర్చుకునే ముందు గానీ, నేర్చుకున్న వెంటనే గానీ ఇస్తే తేడా లేదు. అంటే మాటలు లోపలే ఉన్నాయి, ఆ ఘడియలో బయటికి రాలేకపోయాయి. అందువల్ల హాల్లో దడ పుట్టినప్పుడు ఆ ప్రశ్నతో కుస్తీ పట్టకు; ఊపిరిని పీల్చిన దానికన్నా ఎక్కువసేపు నెమ్మదిగా వదులుతూ పదిసార్లు తీసుకుని, వచ్చిన ప్రశ్నలు రెండు చేసి, తిరిగి దాని దగ్గరికి రా. గదిలో కూడా గడియారం ఎదురుగా పెట్టుకుని నమూనా పత్రాలు తరచుగా రాస్తే ఆ వేళ శరీరానికి కొత్తగా ఉండదు.

ఇప్పుడు చేయవలసినది. రాత్రి పదిన్నరకు పుస్తకం మూసి, ఐదు నిమిషాలు మర్నాడు చేయవలసిన పనులన్నీ ఒక కాగితం మీద రాయి. చిన్న పనిలా కనిపించినా, మనసులో తిరిగేవి కాగితం మీదికి దిగితే కునుకు త్వరగా పడుతుంది. పదకొండుకు దీపం ఆర్పి, ఆరుకు లే. పడుకునే వేళ ఒకరోజు తప్పినా లేచే వేళ మాత్రం తప్పకూడదు. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక మధ్యాహ్నం మూడు దాటాక టీ మానెయ్యి. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టకపోతే పక్క మీద దొర్లవద్దు, లేచి కుర్చీలో కూర్చుని, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకో. నిద్ర రాలేదే అన్న బెంగ కూడా బెంగే; ఒక రాత్రి చెడితే మర్నాడు ఏమీ మునిగిపోదు.

మందుల షాపులో అడిగి నిద్రమాత్ర మాత్రం కొనకు. మూడు వారాలైనా తేడా లేకపోతే వైద్యుడికి చూపించుకో, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకో. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఒక చిన్న నోటుపుస్తకంలో పడుకున్న వేళ, లేచిన వేళ, ఆనాటి నమూనా పరీక్ష మార్కులు పది రోజులు రాసి నాకు పంపు. మీ నాన్నకు ఫోన్ రాత్రి పన్నెండుకు కాకుండా ఎనిమిదింటికి చెయ్యి. నీ గొంతులో అలసట వింటే ఆయన ఆ రాత్రంతా మేలుకునే ఉంటున్నాడని మీ అమ్మ చెప్పింది.

పెదనాన్న