పొద్దున పూట కనబడని హార్డ్ డిస్క్

ప్రశ్న: మా డెస్క్‌టాప్ 2014లో కొన్నది. పొద్దున్నే ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని వచ్చి ఆగిపోతోంది. విండోస్ కన్నా ముందు నడిచే బయోస్ సెట్టింగుల్లో తేదీ సరిగ్గానే ఉంది గానీ హార్డ్ డిస్క్ పేరే లేదు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కితే మామూలుగా వచ్చేస్తుంది. షాపులో ఫార్మాట్ చేయాలంటున్నారు. చనిపోయిన మా వారి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: ఫార్మాట్ మాత్రం చేయనివ్వకండమ్మా. బయోస్‌కే డిస్క్ కనబడలేదంటే అది విండోస్ జబ్బు కాదు. ఫార్మాట్‌తో జబ్బు అలాగే ఉంటుంది, ఫొటోలు పోతాయి.

ఈసారి కంప్యూటర్ తెరుచుకోగానే ముందు ఫొటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. వీలైతే రెండు చోట్ల. విండోస్ తనంతట తాను చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే పరీక్ష) మొదలుపెట్టబోతే ఏదో ఒక కీ నొక్కి ఆపేయండి. నీరసించిన డిస్క్‌కి ఆ శ్రమ మంచిది కాదు.

ఇక అసలు సంగతి. తేదీ నిలుస్తోంది కాబట్టి బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని నేను అనుమానించను. కంట్రోల్ ఆల్ట్ డిలీట్‌తో రావడమే పెద్ద ఆనవాలు. అప్పుడు డిస్క్‌కి కరెంటు ఆగదు, అప్పటికే తిరుగుతూ ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రం బయోస్ వెతికేలోపు అది వేగం అందుకోలేకపోతోంది. తిరగడం మొదలెట్టేటప్పుడు డిస్క్ 12 వోల్టుల లైను మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. వేగం అందుకున్నాక అందులో నాలుగో వంతు చాలు. పాత ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టెలో, కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగాలు) ఉబ్బితే ఆ మొదటి లాగుడుకే తట్టుకోదు. కిందటేడు నా బెంచీ మీదికి అచ్చం ఇలాంటిదే వచ్చింది. డిస్క్ పోయిందనుకుని తెచ్చారు. వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి డిస్క్ మూత మీద వేలు ఆనించాను, సన్నటి అదురు తెలిసింది. మొదటిసారికే బయోస్‌లో పేరు వచ్చింది.

మీ మెకానిక్‌తో కూడా ముందు అలాగే వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడమనండి. డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ కొత్తది, ఇనుప క్లిప్పున్నది వేయించండి. 100 రూపాయల పని. అప్పటికీ మారకపోతే డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాంలో 05 (చెడిపోయి పక్కన పెట్టిన భాగాలు), సీ5 (చదవలేక అనుమానంలో ఉన్న భాగాలు) వరసలు చూడమనండి. వాటి ముడి విలువలు (రా వాల్యూస్) సున్నా దాటి పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. సీ7 (డేటా అటూ ఇటూ పంపడంలో వచ్చిన తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌దే.

కాపీ అవకముందే లోపల టక్, టక్ అని చప్పుడు మొదలైతే వెంటనే ప్లగ్ పీకేయండి. మళ్లీ ఆన్ చేసి చూడొద్దు, డేటా రికవరీ వాళ్ల దగ్గరికి అలాగే తీసుకెళ్లండి.