మొగలి వాసన వస్తే గుండె దడ

ప్రశ్న: మాది రాయగడ. పెళ్లై ఏడాదైంది. అత్తగారి ఊరు ఛత్రపురం దగ్గర. వానాకాలం వస్తే ఊరంతా మొగలి వాసనే. అది తగిలితే చాలు నాకు గుండె దడ, చెమటలు, కడుపులో తిప్పడం. ఆరేళ్ల కిందట నాన్న పోయినప్పుడు ఆయన మీద మొగలి అత్తరు చల్లారు. మొన్న అత్తగారు నా పట్టుచీరల మడతల్లో మొగలి రేకులు పెడితే తీసి పెరట్లో పారేశాను. అప్పట్నుంచి ఆవిడ మాట్లాడటం లేదు. మావారేమో నాటకాలంటున్నారు.

జవాబు: నాటకం కాదమ్మా. చూసినవీ విన్నవీ మెదడులో ముందు థాలమస్ అనే మజిలీకి చేరి, అక్కణ్ణించి ముందుకు పోతాయి. వాసన ఆ మజిలీలో ఆగదు. భయాన్ని రేపే అమిగ్దలాకి, జ్ఞాపకాలు దాచే చోటికి దగ్గరి దారిలో పోతుంది. ఇది మొగలి అని మీరు పోల్చుకునేలోపే గుండె దడ మొదలవ్వచ్చు. ఈ ముక్క మీ ఆయనకీ చదివి వినిపించండి.

పోపు వాసన, సబ్బు వాసన కూడా పడటం లేదంటే మాత్రం సంగతి వేరు. నెల తప్పిందేమో చూసుకోండి.

భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న పువ్వాయె ఛత్రపురం ఉన్న గంజాం జిల్లా మొగలి. అక్కడుంటూ దాన్ని తప్పించుకు తిరగలేరు. అలాగని అలవాటు కావాలని రేకు ముక్కుకి ఆనించుకుని కూర్చోవద్దు. దడ వచ్చినప్పుడు పాదాలు నేలకి గట్టిగా ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ, ‘ఇది మా వంటిల్లు, ఇవాళ మంగళవారం, పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది’ అని పైకే అనుకోండి. దడ తగ్గకపోతే, నిద్ర చెడితే 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం వారు నడిపే ఫోన్ సాయం, టెలిమానస్; డబ్బు అక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

నాకు మీ ఉత్తరంలో తట్టింది ఇంకొకటి. నాన్నగారి అత్తరు సంగతి అత్తగారికి చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. ఆవిడకి కనిపించిందల్లా తను ముచ్చటపడి పెట్టిన రేకులు పెరట్లో పడి ఉండటమే. కోడలి పెట్టెలో మొగలి రేకు పెట్టే అత్తగారికి మీ మీద ప్రేమ లేదనుకోను. మావారు చెప్తారులే అని ఊరుకోకండి. ఇద్దరే ఉన్నప్పుడు, కూర తరుగుతూనో ఏదో, ‘అత్తయ్యా, నాన్న పోయిన రోజు ఇదే వాసన. మీ మీద కోపం కాదు’ అనండి. ఏడుపొస్తే రానివ్వండి. ఆ తర్వాత చీరల్లోకి వట్టివేళ్లు పెట్టమని ఆవిణ్ణే అడగండి.