డిప్రెషన్ మీద షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? ముందు ఆ క్లైమాక్స్ మార్చండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా డిప్రెషన్ మీద పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు. క్లైమాక్స్‌లో హీరో ఆత్మహత్య చేసుకుంటాడు. చూసినవాళ్లకు అంతా నిజంగా జరిగినట్టు అనిపించాలి, జబ్బును తప్పుగా చూపించారన్న మాట పడకూడదు.

చదువుకునే రోజుల్లో నేను ఇదే విషయం మీద ఒక చిన్న సినిమాకి దర్శకత్వం చేశాను. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి చాలాకాలం డిప్రెషన్‌కి చికిత్స తీసుకుంది. అనుభవం ఆమెది, స్క్రిప్టు నాది. ఆ తర్వాత జూనియర్లు ఇలాంటి కథ రాసుకున్నప్పుడల్లా చదివి చెప్పమని నాకు పంపుతుంటారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఆ క్లైమాక్స్ సంగతి. దయచేసి మార్చండి. ఆత్మహత్య అన్న విషయాన్నే ముట్టుకోవద్దని నేను అనడం లేదు. కానీ ఎలా చేసుకున్నాడో, ఎక్కడ చేసుకున్నాడో తెర మీద చూపిస్తే, అప్పటికే అలాంటి ఆలోచనలతో సతమతమవుతూ మీ సినిమా చూస్తున్న మనిషికి అది ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటకరంగాల వాళ్ల కోసమే ఒక చిన్న పుస్తకం తెచ్చింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మీ టీమ్ అంతా చదవండి. చనిపోయే పద్ధతిని చూపించొద్దని, సాయం ఎలా దొరుకుతుందో చూపమని, కష్టాన్ని తట్టుకుని నిలబడే పాత్రలను రాయమని అందులో ఉంటుంది. ఆస్ట్రియా పత్రికల్లో వచ్చిన కథనాలను పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం కూడా ఉంది. చావాలన్న ఆలోచన వచ్చినా ఆ గడ్డుకాలాన్ని దాటేసిన మనుషుల గురించి కథనాలు వచ్చాక ఆత్మహత్యలు తగ్గినట్టు అందులో కనిపించింది. అంటే దాటి వచ్చిన మనిషి కథకీ బలం ఉంది.

నా అభిప్రాయం అడిగితే, చావుతో ముగించడం రాసేవాళ్లకు సులువు. అక్కడితో కథ దానంతటదే ఆగిపోతుంది, హాల్లో నిశ్శబ్దం వస్తుంది, చప్పట్లు పడతాయి. బతికి ఉన్న పాత్రకి మర్నాడు పొద్దున ఏం జరుగుతుందో రాయడమే కష్టం. స్టూడెంట్ సినిమాల్లో నాకు ఇంతవరకు సరిగ్గా కనిపించనిది ఆ మర్నాడు పొద్దునే. ఇంకో మాట: ప్రేమ విఫలమైందనో, పరీక్ష పోయిందనో ఒకే కారణానికి ముడిపెట్టకండి. అలా చూపిస్తే అదే కష్టంలో ఉన్న కుర్రాడికి, ఇలాంటప్పుడు చేసేది ఇదే కాబోలు అన్న అర్థం వెళ్తుంది. నిజానికి దీని వెనక దాదాపు ఎప్పుడూ చాలా కారణాలు పేరుకుని ఉంటాయి.

ఇక "నిజంగా ఉన్నట్టు" చూపించడం గురించి. నా దగ్గరికి వచ్చే స్క్రిప్టుల్లో దాదాపు అన్నిట్లోనూ చీకటి గది, పెరిగిన గడ్డం, కిటికీ మీద వాన, మోకాళ్లలో తల దాచుకుని ఏడుపు ఉంటాయి. మా మొదటి డ్రాఫ్టులో ఏడుపు సీన్లు చదివి, ఇందాక చెప్పిన ఆ క్లాస్‌మేట్ ఫ్రెండ్ అన్న మాట ఇది: "ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. నాకు ఏమీ అనిపించేది కాదు." డాక్టర్లు డిప్రెషన్‌ని గుర్తించేటప్పుడు చూసే రెండు ముఖ్య లక్షణాల్లో ఒకటి దిగులైతే, రెండోది ఇంతకుముందు ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం. కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. వాటితో పాటు నిద్ర, ఆకలి మారిపోవడం, నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, తాను దేనికీ పనికిరానన్న భావన వంటివి వస్తాయి. కుర్రవాళ్లలో ఇది దిగులుగా కాకుండా చిరాకుగా, కోపంగా కనిపించడమూ మామూలే. చాలామంది తలనొప్పి, ఒళ్లునొప్పులు అంటూనే డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఈ జాబితా ఏదీ కెమెరాకి నేరుగా అందదు. అందేది ఆ మనిషి చేయలేకపోతున్న పని.

మా ఫ్రెండ్ చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఫోన్ సంగతి. "ఫోన్ మోగుతుంటే ముట్టుకునేదాన్ని కాదు, చూస్తూ కూర్చునేదాన్ని. ఆగిపోగానే హమ్మయ్య అనిపించేది. వెంటనే, ఎత్తలేదే అని బాధ మొదలయ్యేది. తిరిగి చేద్దామంటే ఇందాక ఎందుకు ఎత్తలేదో చెప్పాలి. ఆ చెప్పడం తలచుకుంటేనే ఓపిక పోయేది. అలా వారం గడిచిపోతే, వారం రోజులు ఎందుకు మాట్లాడలేదో చెప్పాల్సి వచ్చేది."

దాన్ని మేం ఒకే షాట్‌గా తీశాం. టేబుల్ మీద ఫోన్ వైబ్రేషన్‌కి కొద్దికొద్దిగా జరుగుతూ అంచు దాకా వస్తుంది. రిహార్సల్లో మా నటి అది మోగుతుండగానే చెయ్యి చాచి బోర్లించింది. పక్కన నిలబడి చూస్తున్న మా ఫ్రెండ్, "మోగుతున్నంతసేపూ చెయ్యి అటు వెళ్లదు. ఆగాకే బోర్లిస్తాం" అంది. అలాగే తీశాం. మోత ఆగుతుంది, కాసేపు ఏమీ జరగదు, అప్పుడు బోర్లిస్తుంది. తర్వాత మళ్లీ తీసి "సారీ, నిద్రపోయాను" అని టైప్ చేసి చెరిపేస్తుంది. "కొంచెం బిజీగా ఉన్నా" అని టైప్ చేస్తుంది, అదీ చెరిపేస్తుంది. స్క్రీన్ వెలుగు తగ్గి ఆరిపోతుంది. డైలాగు లేదు, మ్యూజిక్ లేదు. సినిమా చూశాక మాతో మాట్లాడినవాళ్లలో చాలామంది ఆ ఫోన్ గురించే మాట్లాడారు, కొందరు తమ ఫోన్ల గురించి కూడా.

మీ కథకి ఇలాంటి పని ఒకటి వెతుక్కోండి. స్క్రిప్టులో పేజీకి నిమిషం అనుకుంటే మీకు ఉన్నది పదే పేజీలు. జబ్బు మొదలవడం, ముదరడం, నయమవడం అంతా అందులో పట్టదు, పట్టించబోతే ప్రతిదీ పైపైన పోతుంది. ఒక రోజు తీసుకోండి, ఆ రోజు మీ హీరో చేయాల్సిన పని ఒకటి పెట్టండి: ఒక ఫారం ఇచ్చి రావాలి, స్నానం చేయాలి, ఒకరికి తిరిగి ఫోన్ చేయాలి. మామూలుగా ఐదు నిమిషాల్లో అయ్యే పనికి అతనికి రోజంతా పట్టడం ప్రేక్షకుడు చూస్తే, డిప్రెషన్ అనే మాట ఒక్కసారి వినిపించకపోయినా అర్థమవుతుంది. ఆ రోజులో ఇంకో మనిషి తప్పకుండా ఉండాలి. ఒంటరి గదిలో ఒంటరి పాత్ర ఉంటే సినిమాలో కదలిక రాదు. అదీగాక, పక్కవాళ్లతో బాగానే ఉన్నట్టు నవ్వుతూ మాట్లాడటానికి పడే కష్టం ఈ జబ్బులో చాలా పెద్ద భాగం. తలుపు తీసేముందు మొహం సర్దుకోవడం చూపించండి చాలు.

కెమెరా విషయంలో నాది ఒకటే పట్టుదల: ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి, షాట్‌ని మామూలుకన్నా ఎక్కువసేపు నడవనివ్వండి. వంకర యాంగిల్స్, ఊగే కెమెరా, నీలం కలర్ గ్రేడింగ్ పెడితే ప్రేక్షకుడు పాత్రను పక్కనపెట్టి, "ఓహో, పిచ్చి సీన్ వచ్చింది" అనుకుంటాడు. ఎండ బాగా కాస్తున్న రోజున, బయట పిల్లలు ఆడుకుంటుంటే తీయండి. సౌండ్‌కి టైమ్ ఎక్కువ ఇవ్వండి. ప్రతి లొకేషన్‌లో అందరినీ నిశ్శబ్దంగా ఉంచి ఒక నిమిషం రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే చప్పుడు, రికార్డ్ చేసుకోండి. ఇలాంటి సినిమాలో మౌనాలు ఎక్కువ, ఎడిట్‌లో ఆ మౌనాలను అతకడానికి అదే ఆధారం. ఫ్యాన్ చప్పుడు, పక్క గదిలో మాటలు, వాటి మధ్య ఊపిరి వినిపిస్తే వయొలిన్ అక్కర్లేదు.

చికిత్స గురించి రాసేటప్పుడు మాత్రం ఒక సైకియాట్రిస్ట్‌కి గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌కి గానీ స్క్రిప్టు చూపించండి. మీ కాలేజీ కౌన్సెలర్‌తో మొదలుపెట్టినా ఫరవాలేదు. స్టూడెంట్లు అడిగితే చాలామంది సంతోషంగా చదువుతారు. మందులు ఒక్కరోజులో పనిచేసినట్టు రాయొద్దు. యాంటీడిప్రెసెంట్లు పనిచేయడం తెలియడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. ఫ్రెండ్ ఒక్క డైలాగు కొట్టగానే నయమైపోవడం కూడా వద్దు. అన్నిటికన్నా నాకు బాధ కలిగించే సీన్ ఒకటుంది: హీరో ట్యాబ్లెట్లు డస్ట్‌బిన్‌లో పారేసి, గెలిచినట్టు నవ్వుతూ బయటికి నడుస్తాడు. డాక్టర్‌ని అడగకుండా ఈ మందులు హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఆందోళన, నిద్ర పట్టకపోవడం వంటివి రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. మందులు వాడుతున్న మనిషి మీ సినిమా చూసి ఏం చేస్తాడో ఆలోచించండి.

ఒకవేళ మీరు డిప్రెషన్ వదిలేసి వేరే జబ్బు తీసుకుంటే: స్కిజోఫ్రేనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరు ఉండటం కాదు, ఆ జబ్బులో, లేని మనుషులు కనబడటం కన్నా లేని మాటలు వినబడటమే ఎక్కువ. ఓసీడీ అంటే శుభ్రత పిచ్చి కాదు, వద్దన్నా వచ్చిపడే ఆలోచనలు ఉంటాయి. మానసిక జబ్బు ఉన్నవాడిని హంతకుణ్ని చేయకండి. వాళ్లు ఇతరులను హింసించడం కన్నా హింసకు గురయ్యే అవకాశమే ఎక్కువ.

మీ కథ ఎవరిదైనా నిజ జీవితం నుంచి వస్తుంటే, అనుమతి అంటే ఒకసారి "సరే" అనిపించుకోవడం కాదు. మా ఫ్రెండ్‌తో మేం మొదటే మాట్లాడుకున్నాం: స్క్రిప్టు ముందు తనే చదువుతుంది, ఏ సీన్ తీసేయమన్నా కారణం అడగం, రఫ్ కట్, అంటే మొదటిసారి కూర్చిన ఎడిట్, తనొక్కతే చూస్తుంది, ఆ తర్వాతే మిగతావాళ్లు. ఇంట్లోవాళ్లతో జరిగిన ఒక గొడవ ఆమె తీసేయమంది. సినిమాకి అది చాలా బలమైన సీన్, నాకు వదలబుద్ధి కాలేదు. అయినా తీసేశాం. ఆ సినిమా తర్వాత ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమే కదా.

నటుల్ని ఎంచుకునేటప్పుడు విషయం ముందే పూర్తిగా చెప్పండి, కెమెరా, లైటింగ్ వాళ్లకి కూడా. ఎవరికి ఏ గతం ఉందో మనకు తెలియదు. వద్దంటే కారణం అడక్కుండా ఒప్పుకోండి. బరువైన సీన్లను అర్ధరాత్రి, అందరూ అలసిపోయాక పెట్టుకోవద్దు. షాట్ అయ్యాక నటుడు బట్టలు మార్చుకుని, సొంత పేరుతో పిలిపించుకుని, అందరితో కాసేపు మామూలు కబుర్లు చెప్పుకుని వెళ్లేలా చూడండి. ఆ పాత్రతోనే ఇంటికి పంపించొద్దు.

చివరిది ప్రదర్శన. స్టూడెంట్ టీమ్‌లు ఎవరూ ముందుగా సిద్ధపడనిది ఇదే. సినిమా మొదలయ్యే ముందు ఇందులో ఏముందో ఒక మాట చెప్పండి, చూడలేనివాళ్లు బయటికి వెళ్లడానికి వీలుగా తలుపు దగ్గర దారి వదలండి. హెల్ప్‌లైన్ నంబర్‌ని ఎండ్ టైటిల్స్‌లో పరిగెత్తించకుండా, ఫోటో తీసుకునేంతసేపు తెర మీద నిలపండి. ఆ నంబరు పనిచేస్తోందో లేదో మీరే ముందు ఫోన్ చేసి చూసుకోండి. సినిమా అయ్యాక కొందరు మీ దగ్గరికి వస్తారు. మా దగ్గరికీ వచ్చారు. షాట్ బాగుందని చెప్పడానికి వచ్చి, గొంతు తగ్గించి, "నాకూ ఇలాగే ఉంది" అన్నవాళ్లు ఉన్నారు. ఆ క్షణంలో మీరు డైరెక్టర్ కాదు, డాక్టర్ అంతకన్నా కాదు. పక్కకి తీసుకెళ్లి వినండి, సలహాలు ఇవ్వొద్దు. కౌన్సెలర్‌ని ఆ రోజు హాల్లో ఉండమని ముందే అడిగి పెట్టుకుంటే అక్కడికక్కడే పరిచయం చేయొచ్చు. మాటల్లో అనుమానం వస్తే "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, పుట్టదు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, కౌన్సెలర్‌కో, ఇంట్లో తాను నమ్మే మనిషికో అప్పగించేదాకా ఒకరు తోడుండండి. ఆ ఒకరు ఎవరో ప్రదర్శనకి ముందే టీమ్‌లో అనుకుని పెట్టుకోండి.